ఎత్తూ, వాటమూ

మా మేనల్లుడికి ఉన్నట్టుండి ఓ కోరిక పుట్టింది. పెళ్ళి చేసుకోవాలనో, ఇల్లు కట్టుకోవాలనో అయితే ఇంటిల్లిపాదీ సంతోషించేవాళ్ళం. వాడి కోరిక అది కాదు. తన జీపుని నాలుగంగుళాలు పైకి లేపించాలిట!

వాడు భూపాలపల్లిలో బొగ్గు గనుల దగ్గర ఉద్యోగం చేస్తాడు. ఏడాది కింద ఓ పాత మహీంద్రా జీపు కొన్నాడు. కొన్నాడు అనడం కంటే పెంచుకుంటున్నాడు అనడం నయం. సెలవు దొరికితే చాలు, దాన్నేసుకుని మహదేవపూర్ అడవుల వైపో, పాండవుల గుట్టల వైపో పోతాడు. రాళ్ళూ, గోతులూ, వాగులూ. జీపు కడుపు రాయికి తగిలిన ప్రతిసారీ వీడి కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటుందిట. అందుకని ఎత్తు పెంచాలి. "నాలుగంగుళాలే అత్తా! ఒక్క జానెడు గూడ గాదు" అన్నాడు ఫోనులో, నేనేదో అడ్డం చెప్పబోతున్నట్టు.

నాకేం అడ్డం? జనగామలో కూర్చున్నదాన్ని. అడ్డం చెప్పింది మా అమ్మ. ఆవిడ మానుకోటలో మా అన్నయ్య దగ్గర ఉంటుంది. (కాగితాల మీద మహబూబాబాద్ అని రాసుకోండి, మాకు మాత్రం మానుకోటే.) ఎనభై దాటిన మనిషి, రెండు మోకాళ్ళూ ఎప్పుడో చేతులెత్తేశాయి. ఇప్పుడున్న జీపెక్కడానికే ఒకరు చెయ్యి పట్టాలి, ఇంకొకరు వెనకనించి ఆసరా ఇవ్వాలి. "ఇంక నాలుగంగుళాలు లేపితే నన్ను వడ్ల బస్త లెక్క ఎత్తి ఏస్తవా బిడ్డా?" అంది మనవడితో. వాడు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

ఏముంది ఇందులో, పిల్లాడి సరదా, ముసలమ్మ మోకాళ్ళు, అని తీసెయ్యబోయాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఒక మనిషి ఎంత ఎత్తున కూర్చోవాలో నిర్ణయించుకునేటప్పుడు ఎవరెవరిని అడగాలి? తనొక్కడి ఇష్టమేనా అది?

జీపు ఎత్తు మాకు కొత్త కాదు లెండి. నా చిన్నతనంలో మానుకోటలో జీపంటే సమితి జీపే. 1959 నించి మండలాలు వచ్చేదాకా పంచాయతీ సమితులు ఉండేవి కదా, ఆ ఆఫీసరుగారు వచ్చేవాడు జీపులో. దుమ్ము వెనకాల మేమందరం పరిగెత్తేవాళ్ళం. విల్లీస్ వారి జీపుని మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1947లోనే బిగించడం మొదలెట్టారట. యుద్ధం కోసం పుట్టిన బండి, మా ఊళ్ళోకి మాత్రం ప్రభుత్వం అయి వచ్చింది. ఆఫీసరు అందులోంచి దూకినట్టుగా దిగేవాడు. అదే ఆయన మామూలు కుర్చీలోంచి లేచొస్తే మేం అంతగా భయపడేవాళ్ళం కాదేమో. ఎత్తునించి దిగేవాడికి ఓ దర్జా దానంతటదే వస్తుంది.

సరే, కథలోకి వస్తాను. మొన్న హన్మకొండలో ఓ పెళ్ళికి అందరం కలిశాం. మర్నాడు మేనల్లుడు జీపుని తనకు తెలిసిన షెడ్డుకి తీసుకెళ్తుంటే, ఊరికే కూర్చోడమెందుకని నేనూ వెళ్ళాను. అక్కడి మేస్త్రీ పెద్దాయన. నలభై ఏళ్ళుగా జీపుల కిందే పడుకున్న మనిషి. నన్ను చూసి ఓ ఇనప స్టూలు తుడిచి వేశాడు. ఆయన చెప్పిన సంగతులు వింటుంటే నా వంటింటి సంగతులు వింటున్నట్టే అనిపించింది.

జీపుని లేపడానికి రెండు మూడు పద్ధతులున్నాయిట. ఒకటి, కింది చట్రాన్ని అలాగే ఉంచి, పై తొట్టికీ చట్రానికీ మధ్య దిమ్మలు పెట్టడం. మనం నులకమంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి, దాని కింద రేకు డబ్బాలు దాచుకోమూ, అలాగన్నమాట. మంచం ఎత్తవుతుంది, డబ్బాలు పడతాయి, కానీ పడుకున్నవాడు పక్కకి తిరిగితే గుండె ఝల్లుమంటుంది. రెండోది, కమాన్ పట్టీల్ని మార్చడం. పట్టీ మీద పట్టీ కట్టిన ఉక్కు కట్టలుంటాయి చూడండి, వాటికి ఒంపు పెంచడమో, ఇంకో పట్టీ చేర్చడమో, లేదా ఇరుసు కిందున్న కట్టని ఇరుసు మీదికి ఎక్కించడమో చేస్తారు. అప్పుడు చట్రంతో సహా లేస్తుంది.

"లేస్తది గానీ అమ్మా, ఏది లేవాల్నో అది లేవది" అన్నాడు మేస్త్రీ.

అదేమిటంటే, ఈ జీపులకు ముందూ వెనకా గట్టి ఇరుసులు. ఆ ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఓ ఇనప గుండు ఉంటుంది, డిఫరెన్షియల్ అంటారు. నేలకి అన్నిటికంటే దగ్గరగా ఉండేది అదే. రాయికి ముందు తగిలేదీ అదే. కమాన్లు మార్చి నాలుగంగుళాలు కాదు, నలభై అంగుళాలు లేపినా ఆ గుండు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అది పైకి రావాలంటే చక్రం పెద్దది కావాలి. అదీ రెండంగుళాల పెద్ద టైరు వేస్తే గుండు లేచేది ఒక్క అంగుళమే. ఎందుకంటే ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది కనక.

నేను మేనల్లుడి మొహం చూశాను. వాడికి ఇది తెలియక కాదు. "బాడీ లేస్తే పెద్ద టైరు పడ్తది గద, గుట్ట ఎక్కేటప్పుడు ముందర బంపరు తగలది గద" అన్నాడు. నిజమే, ఆ లాభాలున్నాయి, మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు. కానీ నాకు మాత్రం ఆ గుండు సంగతే మనసులో పడిపోయింది. అంత ఖర్చూ పెట్టి మొదట లేపేది కూర్చునేవాణ్ణి. దెబ్బలు తినేది కిందే ఉంటుంది.

మా నాన్నగారి కాలంలో ఎడ్లబండి చక్రం చూశారా? మనిషి నడుం దాటి వచ్చేది. అంత పెద్ద చక్రం వేసింది ఊళ్ళో గొప్ప కోసం కాదు. ఇరుసు బురదకి అందకుండా ఉండాలని. సమ్మక్క జాతరకి మేడారం వెళ్ళే బళ్ళు వాగు ఇసకలో దిగబడకుండా పోయేవంటే ఆ చక్రం చలవే. కూర్చునేవాళ్ళు మాత్రం ఇరుసుకి దగ్గరగా, గడ్డి పరుచుకుని కూర్చునేవాళ్ళు. చక్రం ఎత్తు, మనిషి పల్లం. ఇప్పుడు మనం దాన్ని తిరగేశాం.

ఇంక వాటం సంగతి. వాటం అని మా నాన్నగారు గడ్డి బండి దగ్గర వాడేవారు. మోపు మీద మోపు వేసుకుంటూ పోతే బండి నిండుగా కనిపిస్తుంది, కానీ పొలం గట్టు దిగేటప్పుడు ఒరిగిపోతుంది. "ఎత్తు చూస్తున్నవు, వాటం చూస్తలేవు" అని జీతగాణ్ణి కేకలేసేవారు. మేస్త్రీ కూడా అదే మాట అన్నాడు. నాకు లెక్కలంటే ఇష్టం కనక ఆయన చెప్పినదాన్ని ఓ కాగితమ్మీద వేసుకున్నాను. మాటవరసకి ఓ బండికి రెండు చక్రాల మధ్య దూరం 52 అంగుళాలనుకోండి. దాని బరువంతా ఒకచోట పోగు చేస్తే, ఆ చోటు నేలనించి 26 అంగుళాల ఎత్తున ఉందనుకోండి. ఆ బండి పక్కకి 45 డిగ్రీలు ఒరిగితే గాని పడదు. నాలుగంగుళాలు లేపారు. చక్రాలూ ఇరుసులూ కిందే ఉంటాయి కాబట్టి బరువు చోటు ఓ మూడంగుళాలు పెరుగుతుందనుకుందాం. ఇప్పుడు 42 డిగ్రీలకే పడుతుంది.

"మూడు డిగ్రీలేనా!" అన్నాడు మా వాడు. అవును, మూడే. కానీ అది బండి నిలబడి ఉన్నప్పుడు. మలుపు తిరిగేటప్పుడు, పైన సామాన్లున్నప్పుడు, వెనక నలుగురు పిల్లలు ఒకే వైపుకి ఒరిగి నెమలిని చూస్తున్నప్పుడు? పోనీ పోయిన మూడు డిగ్రీలూ తిరిగి తెచ్చుకోవాలంటే చక్రాల్ని రెండు వైపులా మూడేసి అంగుళాలు బయటికి జరపాలి. అప్పుడు బేరింగుల మీద బరువు, మడ్‌గార్డు దాటి బురద చిమ్మడం, సందుల్లో పట్టకపోవడం. దాంతో అయిపోదు. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారుతుంది, బ్రేకు గొట్టాలు చాలవు, స్టీరింగు మాట వినదు. ఒక్క ఎత్తు పెంచితే ఇన్నిటికి సమాధానం చెప్పుకోవాలి. కోడల్ని తెచ్చుకున్నట్టే అనుకోండి, ఒక్కతే రాదు కదా!

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన లెక్కలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. "అందరు చేస్తున్నరు గద" అన్నాడు మా వాడు. ఈ ఒక్క వాక్యం మన దేశంలో ఎన్ని సెక్షన్లని మింగేసిందో!

ఇంతసేపూ మేనల్లుణ్ణి అంటున్నాను గానీ, నా సంగతి కూడా చెప్పాలి. షెడ్డునించి తిరిగి వస్తుంటే ముందు సీట్లో నేను కూర్చున్నాను. కార్లన్నీ కిందున్నాయి. వాటి పైకప్పులు కనిపిస్తున్నాయి. ఆటోలో వెళ్తున్న ఓ ఆవిడ తల పైకెత్తి నావైపు చూసింది. నాకు, ఈ వయసులో, హాయిగా ఉంది. నేనేమీ చెయ్యలేదు, ఏమీ సంపాదించలేదు, ఊరికే ఎత్తుమీద కూర్చున్నాను. అయినా ఆ కాసేపూ మెడ దానంతటదే నిటారుగా నిలబడింది. ఆ సుఖం అబద్ధమని ఎలా అనను? దారిలో నలుగురికంటే పైన ఉండటం ఎవరికి చేదు?

ఆ సుఖానికి ఎదుటివాళ్ళు ఏమిస్తున్నారో రాత్రి తెలిసింది. జనగామ దారిలో ఎదురుగా ఎవరిదో ఎత్తు పెంచిన బండి వచ్చింది. దాని దీపాలు మా వారి కళ్ళల్లోకి సూటిగా కొట్టాయి. బండి లేచింది, దీపాలూ లేచాయి, వాటిని కిందికి దించుకోవాలన్న జ్ఞానం మాత్రం లేవలేదు. క్షణం సేపు మాకు రోడ్డు లేదు. ఆ బండివాడికి మాత్రం చక్కగా కనిపించి ఉంటుంది. అమెరికాలో రహదారి భద్రత చూసే ఓ బీమా పరిశోధన సంస్థ 2023లో లెక్క తేల్చింది. ముందు బానెట్టు 40 అంగుళాలకు మించి ఉన్న బళ్ళు, 30 అంగుళాలు దాటని ఏటవాలు ముక్కు బళ్ళకంటే, నడిచేవాళ్ళని ఢీకొన్నప్పుడు ప్రాణం తీసే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువట. చిన్న కారు కాళ్ళకి తగులుతుంది, ఎత్తు బండి ఛాతీకీ తలకీ తగులుతుంది. బడికెళ్ళే పిల్ల తల ఎంత ఎత్తున ఉంటుందో మీరే ఓసారి చేత్తో కొలిచి చూసుకోండి.

ఇక్కడ మీకో సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మేం జనగామలో ఇల్లు కట్టుకున్నప్పుడు, "రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది, ముందే మూడడుగులు లేపండి" అని పట్టుబట్టింది నేనే. మా వారు రెండు చాలన్నారు. నేను వినలేదు. మొదటి వానకే మా వాకిలి పొడిగా ఉంది. మా నీళ్ళూ, వీధి నీళ్ళూ కలిసి పక్కింటావిడ వంటింట్లోకి వెళ్ళాయి. ఆవిడది పాతకాలపు ఇల్లు, వీధికి సమంగా ఉంటుంది. బకెట్టుతో నీళ్ళు ఎత్తిపోసుకుంటూ నా వంక చూసి, "మీరు మంచిపని చేసిండ్రు వదినా, ముందుచూపు" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది. అందుకే అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నేను తప్పు చేశానా? నా ఇంటిని కాపాడుకోవడం తప్పెలా అవుతుంది? కానీ నేను ఎత్తు లేపిన రోజున ఆ నీళ్ళు ఎటు పోతాయని ఒక్కసారైనా అడగలేదు. అది మాత్రం తప్పే.

ఎత్తే ప్రాణం కాపాడిన రోజులూ ఉన్నాయి. 2023 జూలై 27న భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగితే, జనం ఇళ్ళ పైకప్పులు ఎక్కి కూర్చున్నారు. హెలికాప్టర్లు వచ్చాయి. ఆ వానలకే పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మా మేనల్లుడు చూపించిన కాగితంలో కొత్త థార్ జీపు 650 మిల్లీమీటర్ల నీళ్ళలో నడవగలదని ఉంది. ఆ రెండంకెలూ పక్కపక్కన చూసి నాకు ఒళ్ళు జలదరించింది. వానకీ నీటి లోతుకీ సంబంధం లేదని తెలుసు. అయినా ఆ అంకె ఆకాశం బండివాణ్ణి వెక్కిరించినట్టే ఉంది.

వాగు దగ్గరే ఎత్తు మనిషిని మోసం చేస్తుంది. నిలవ నీళ్ళ లెక్క వేరు, పారే నీళ్ళ లెక్క వేరు. పారే నీళ్ళు అడుగు లోతుంటే మామూలు కారుని తోసేస్తాయి, రెండడుగులుంటే పెద్ద జీపుల్నీ ఎత్తుకుపోతాయి. 2024 సెప్టెంబర్ 1న మా మానుకోట జిల్లాలో ఆకేరు పొంగినప్పుడు కారుతో సహా మనుషులు కొట్టుకుపోయారు. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. రైలు కట్ట కంటే ఎత్తైన బండి మా వాడు చేయించగలడా? ఎత్తు లేనివాడు ఆ నీళ్ళు చూసి ఆగిపోతాడు. ఎత్తున్నవాడు దిగుతాడు. నాలుగంగుళాల ఇనుముతో పాటు నలభై అంగుళాల ధైర్యం కూడా బిగించి ఇస్తారు, దానికి బిల్లు మాత్రం అప్పుడే రాదు. నా భయం ఇదీ. వాడు గోతిలో పడతాడని కాదు, ఏదో ఓ రాత్రి వాన, అవతలి ఒడ్డున ఇల్లు, నా బండికేం అని వాడికి అనిపిస్తుందని.

ఈ మాట ఫోనులో చెబితే వాడికి కోపం వచ్చింది. "నన్ను అంత తెలివి తక్కువోడనుకున్నవా అత్తా?" అన్నాడు. అనుకోలేదు. తెలివిగలవాళ్ళే ఎక్కువ దిగుతారు.

చివరికి మా అమ్మే తేల్చింది. మేస్త్రీ ఏమన్నాడో నేను చెబుతుంటే అంతా విని, "మరి ఆ బండి పుట్టినప్పుడు ఎంత ఎత్తున్నదట?" అని అడిగింది. ఎవరికీ తట్టని ప్రశ్న. మేస్త్రీని అడిగితే కమాన్లు కొలిచి చెప్పాడు. పాతబడి, బరువులు మోసీ మోసీ, కట్టలు ఒంపు పోయి కూర్చుపోయాయిట. పుట్టినప్పటి ఎత్తులో రెండంగుళాల దాకా ఎప్పుడో పోయింది. పట్టీలు విప్పి, కొట్టి, మళ్ళీ ఒంపు తెస్తే ఆ రెండంగుళాలూ తిరిగొస్తాయి. సెక్షన్లూ అడ్డురావు. "నా నడుం గూడ అట్ల కొట్టి లేపుతడేమో అడుగు" అంది మా అమ్మ. ఈసారి ఆవిడే ముందు నవ్వింది.

మేనల్లుడు సగం మనసుతో ఒప్పుకున్నాడు. నాలుగు కావాలన్నవాడికి రెండు చేదే, పైగా ఆ రెండూ కొత్తవి కావు, పోయినవి. పెద్ద టైర్ల మాట ఇంకా వదల్లేదు. అప్పుడప్పుడూ నాకు ఫొటోలు పంపుతుంటాడు. నేను బాగున్నాయనే అంటాను. బాగుంటాయి కూడా.

అమ్మ ఎక్కడానికి పక్కన ఓ ఇనప మెట్టు అతికించారు. మొదటిసారి అడవికి వెళ్ళొచ్చేసరికి ఆ మెట్టు రాయికి తగిలి వంకర తిరిగి ఉంది. కిందికి దింపినది కింద దెబ్బ తినక ఏం చేస్తుంది? దాన్ని పీకించేసి, ఇప్పుడు వెనక సీటు కింద ఓ చెక్క పీట పెట్టుకు తిరుగుతున్నాడు. ఎక్కేటప్పుడు వేస్తాడు, ఎక్కాక తీస్తాడు. పోయిన నెల కురవి వీరభద్రస్వామి గుడికి తీసుకెళ్ళాడు అమ్మని. తిరుగు ప్రయాణంలో మానుకోట దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది, పీట గుడి ముందే మరిచిపోయారని. అన్నయ్య కొత్తది చేయిద్దాం పదమన్నాడట. మా అమ్మ ఒప్పుకోలేదు. మా వాడు గొణుక్కుంటూ బండి వెనక్కి తిప్పాడు. కొబ్బరికాయల కొట్టతను పీట మీద కూర్చుని ఉన్నాడట, వీళ్ళని చూసి లేచి, పంచె కొంగుతో తుడిచి ఇచ్చాడు.